ఎనిమిదా, ఇరవై నాలుగా

అడగకుండా ఒకరి స్కోప్ (రైఫిల్ మీద బిగించే గురి దుర్బిణి) మీద చెయ్యి వేస్తే నాకు ఎంత కోపం వస్తుందో మీకు తెలియనిది కాదు. ఇవాళ షూటింగ్ రేంజ్‌లో అదే జరిగింది. మా వారు ఎప్పటిలాగే "పోనీలే" అని పడుకున్నారు కానీ, నాకు మాత్రం నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

మేనల్లుడు 50 మీటర్ల దగ్గర బోర్లా పడుకుని, స్కోప్‌ను 8 పవర్‌లో, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేలా ఉంచుకుని, నిదానంగా కాలుస్తున్నాడు. తూటాలన్నీ ఒకే చిరుగులోంచి వెళ్తున్నాయి. చూడముచ్చటగా ఉంది. పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన ఒకరు లేచి వచ్చి, "ఇంత మంచి స్కోప్ పెట్టుకుని ఎనిమిదిలో కాలుస్తావేమిటి బాబూ" అంటూ వంగి, పవర్ రింగును చివరిదాకా, అంటే 24 దాకా తిప్పేశారు. గురి మీద ఉన్న మనిషి రైఫిల్‌ను ముట్టుకోకూడదన్నది రేంజ్‌లో అందరూ ముందుగా నేర్చుకునే విషయం.

కాసేపటికి వాడు తల ఎత్తి, "అత్తా, చెయ్యి నిలవడం లేదు" అన్నాడు. నిజానికి చెయ్యి ఎప్పటిలాగే నిలిచింది. ఎనిమిదిలో లెక్కలోకి రాని వణుకు ఇరవై నాలుగులో మూడింతలై కనిపించింది, అంతే. కళ్లకు కనబడుతున్న వణుకును ఆపాలని చూసేవాడు ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కలేడు. క్రాస్‌హెయిర్ (స్కోప్‌లో కనిపించే అడ్డనిలువు గురి గీతలు) నడిబొట్టు మీదుగా పోయే క్షణాన్ని పట్టుకోవాలని చటుక్కున లాగుతాడు, తూటా అప్పుడే పక్కకు పోతుంది. వాడికీ అదే జరిగింది. పైగా చూపు మేర ఇరుకైపోవడంతో, ఒక గుండు తరువాత మళ్లీ గురి పెట్టేటప్పుడు తన గురి వలయాలను వదిలి పక్కనున్న గురి వలయాల మీదికి పోయాడు కూడా.

అసలు 50 మీటర్లకు ఎంత పవర్ కావాలి? మామూలు కంటి చూపు ఆ దూరంలో సుమారు 14.5 మిల్లీమీటర్ల ఎడాన్ని విడదీసి చూడగలదు. ఎనిమిదింతలు చేస్తే అది రెండు మిల్లీమీటర్ల లోపుకు దిగుతుంది. ఈ ఆటలో వాడే చిన్న .22 తూటా చేసే రంధ్రమే దాదాపు 5.6 మిల్లీమీటర్లు, అంతర్జాతీయ పోటీ కార్డు మీది పది వలయం (పది పాయింట్లిచ్చే నడి వలయం) 10.4 మిల్లీమీటర్లు. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ కాల్చేవారికి అసలు స్కోపే ఉండదు, చిన్న రంధ్రపు సైట్‌తోనే ఆ పది వలయాన్ని కొడుతున్నారు. వెలుతురు సంగతి కూడా చూడాలి. స్కోప్ ముందున్న 40 మిల్లీమీటర్ల కటకం ఎనిమిదిలో కంటికి 5 మిల్లీమీటర్ల వెలుగు వలయాన్ని ఇస్తే, ఇరవై నాలుగులో ఇచ్చేది 1.7 మాత్రమే కాబట్టి, మబ్బు పట్టిన సాయంత్రం బొమ్మ మసకబారుతుంది, తల వెంట్రుకవాసి జరిగినా చీకటి కమ్ముతుంది.

ఇలాంటప్పుడు మాస్టారు గుర్తొస్తారు. నేను నేర్చుకునే రోజుల్లో ఆయన నాకిచ్చింది 4 పవర్ స్కోప్, అదీ పెద్ద రైఫిల్ కోసం 100 గజాలకు ప్యారలాక్స్ (కన్ను పక్కకు జరిగితే గురి జారినట్టు కనిపించడం) సరిచేసి బిగించినది. ఆ రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, 25 మీటర్ల దగ్గర 50 మీటర్ల కార్డు నిలబెట్టి, "చెంప ఆనించకుండా చూడు, తల మాత్రం పక్కకు జరుపు" అన్నారు. జరిపాను. రైఫిల్ రవ్వంత కూడా కదలలేదు కానీ, క్రాస్‌హెయిర్ పది వలయం వదిలి తొమ్మిదిలోకి జారింది, కన్ను కటకం అంచుకు చేరేసరికి ఎనిమిదిని తాకింది. తరువాత లెక్క వేసి చూస్తే నిజమే: 40 మిల్లీమీటర్ల కటకానికి ఆ దూరంలో ప్యారలాక్స్ తప్పు గరిష్ఠంగా 15 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు, 50 దగ్గర 9 దాకా. రింఫైర్ (.22 లాంటి చిన్న తూటాల) రైఫిళ్ల కోసమని చేసే స్కోప్‌లను చాలావరకు 50 గజాలకు సరిచేసి ఇవ్వడానికి కారణం ఇదే. "ఎన్ని రెట్లు చూపిస్తుందని అడిగేముందు ఎంత దగ్గరగా చూడగలదని అడుగు" అనేవారు మాస్టారు. ఇవాళ్టికీ పది మందిలో తొమ్మిది మంది మొదట అడిగేది రెట్ల సంగతే, అది నాకు చిరాకు.

ఇంతవరకు రాసి, మొదటి నుంచి చదువుకుంటే, పెద్దాయన చెప్పిన అంకె విషయంలో నేను అన్యాయం చేస్తున్నానేమో అనిపిస్తోంది. ఆయన బల్ల మీద, ఇసుక సంచుల మీద రైఫిల్ పెట్టి కాల్చే మనిషి. అక్కడ వణుకు దాదాపు ఉండదు కనుక, ప్రతి గుండుకూ క్రాస్‌హెయిర్ సరిగ్గా అదే చుక్క మీద ఉందో లేదో ఒక మిల్లీమీటరు తేడాతో తెలియాలి. ఇలా బల్ల మీద ఆనించి పోటీపడే బెంచ్ రెస్ట్ వాళ్లు 36, 45 పవర్ స్కోప్‌లు వాడేది అందుకే. రెండు లాట్ల (వేర్వేరు విడతల్లో తయారైన) తూటాల్లో ఏది బాగుందో మేనల్లుడు తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఎనిమిదిలో చూస్తే, పక్కకు పోయిన గుండు తూటా తప్పో గురి తప్పో చెప్పడం కష్టం. ఆ పనికి 24 సరైనదే, ఇంకా ఎక్కువున్నా వద్దనను. అంకె ఆయన భంగిమకు సరిపోతుంది, బోర్లా పడుకున్న కుర్రాడి భంగిమకు సరిపోదు. ఇక చెయ్యి వేయడం మాత్రం ఏ భంగిమలోనైనా తప్పే, ఆ కోపం తగ్గలేదు.

వచ్చే వారం వాడు 25 మీటర్లకు మారతాడు. అక్కడ 8 పవర్ చాలు, ఎందుకంటే కార్డు 50 దగ్గర 16తో చూసినంత పెద్దగా కనిపిస్తుంది. ముందు ప్యారలాక్స్ చక్రాన్ని తిప్పుకోమంటాను, అది కూడా దాని మీద చెక్కిన అంకెను నమ్మి కాదు, తల అటూ ఇటూ జరిపినా క్రాస్‌హెయిర్ కార్డు మీద జారకుండా నిలిచేదాకా. ఆ తరువాత, కావాలనుకుంటే, పన్నెండు దాకా తనే పెంచి చూసుకోవచ్చు.