ఎడమ మూల నుంచి

మన స్కూలు బ్యాచ్ సావనీర్‌కు ఏదైనా రాయమని గ్రూపులో అడిగినప్పుడు అందరూ ఒకే మాట అన్నారు: "ఆస్ట్రేలియా విశేషాలు రాయరా." కంగారూల గురించి రాయడానికి నాకు ఓపిక లేదు, మీకు చదివే ఓపికా ఉండదు. నేను రాసేది ఇక్కడి ఫుట్‌బాల్‌లో ఒక ఫుల్ బ్యాక్ గురించి, అంటే గోలు ముందు కాపలా కాసేవాడి గురించి. పేరు డస్టిన్ ఫ్లెచర్. మీలో ఎవరూ విని ఉండరు. కానీ మన స్కూలు కబడ్డీ కోర్టులో మూలన నిలబడినవాళ్ళకి అతను కొత్తవాడేం కాదు.

మీకు గుర్తుందో లేదో, నేను కబడ్డీ టీములోకి ఆట వచ్చి వెళ్ళలేదు. ఎనిమిదో తరగతిలో డ్రిల్లు మాస్టారు అందరినీ వరసలో నిలబెట్టి, బెత్తంతో నా మోచేతి మీద తట్టి, "ఒరే ఆజానుబాహూ, నువ్వు ఎడమ మూలకి పో" అన్నారు. అంతే, అదే నా సెలెక్షను. కూతకు వెళ్ళేవాళ్ళు వేరే. వాళ్ళ పేర్లు ఊరంతా తెలుసు, గర్ల్స్ హైస్కూలు దాకా తెలుసు. మూలవాడి పని కూతకు వచ్చినవాడి చీలమండ దొరికేదాకా ఒంగి నిలబడటం. తొందరపడి దూకామా, వాడు మన మీదుగా ఎగిరి గీత దాటిపోతాడు, మనం దుమ్ము దులుపుకుంటూ బయటికి. అలా ఔటయినప్పుడల్లా మాస్టారు ఒకే మాట చెప్పేవారు: "వాడి మొహం చూడకురా. మొహం అబద్ధమాడుతుంది. నడుం చూడు."

ఆ మాట అప్పట్లో నాకు సగమే అర్థమైంది. మిగతా సగం 2007లో, మెల్‌బోర్న్ డాక్‌లాండ్స్ స్టేడియంలో, గోల్ వెనక చవక సీట్లలో కూర్చున్నప్పుడు అర్థమైంది.

అంతకు ముందు ఏడాదే నేను ఈ ఊరొచ్చాను, ఒక గోదాములో లెక్కలు చూసే పనికి. మొదటి రోజు పక్క సీటు పెద్దాయన నా పేరు అడిగాడు, వెంటనే "నీది ఏ టీము?" అన్నాడు. మన వైపు "ఏ ఊరు, ఎవరి తాలూకు" అన్నట్టు ఇక్కడ ఆ ప్రశ్న. నేను అమాయకంగా "ఇండియా" అన్నాను. ఆయన పడీ పడీ నవ్వి, మర్నాడు ఎరుపు, నలుపు రంగుల మఫ్లరు ఒకటి తెచ్చి నా మెడలో వేశాడు. అలా నేను ఎసెండన్ టీము వాడినయ్యాను. ఇక్కడ ఉద్యోగం మారొచ్చు, ఇల్లు మారొచ్చు, టీము మారితే మాత్రం మనిషి కింద లెక్కగట్టరు.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. వీళ్ళు ముద్దుగా ఫూటీ అంటారు. క్రికెట్ ఆడే పెద్ద గ్రౌండులోనే, ఒక్కో వైపు 18 మంది, కోలగా ఉండే బంతి. కాలితో తన్నొచ్చు, పిడికిలితో కొట్టి పక్కవాడికి ఇవ్వొచ్చు, విసరడం మాత్రం తప్పు. ఆఫ్‌సైడ్ అనేది లేదు కాబట్టి ఆట నడుస్తుండగా ఎవరైనా ఎక్కడైనా నిలబడొచ్చు. రెండు చివరలా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి నడుమ నుంచి నేరుగా తన్నితే గోలు, 6 పాయింట్లు. పక్క సందులోంచి పోతే 1 పాయింటే. గోలుకు పోతున్న బంతికి గీత దాటేలోపు డిఫెండరు వేలి కొస తగిలినా చాలు, 6 కాస్తా 1 అయిపోతుంది. ఈ ఒక్క రూలు విన్నాక ఈ ఆట నాకు నచ్చింది.

స్టేడియంలో ఆ రోజు బంతి చాలాసేపు అవతలి చివరే తిరిగింది. మా వైపు పనీపాటా లేకుండా ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. 31వ నంబరు చొక్కా. అతనే ఫ్లెచర్. ఎత్తు 198 సెంటీమీటర్లు. దానికి తగ్గ కండ లేదు, సన్నగా వెదురుగడలా ఉన్నాడు. చేతులైతే మరీనూ, వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టు. తను కాపు కాయాల్సిన ఫార్వర్డుకు, అంటే గోలు కొట్టడానికి వచ్చేవాడికి, ఒక అడుగు దూరం వదిలేసి నిలబడ్డాడు. నాకు టెన్షన్. అంత సందు ఎందుకు వదిలాడు? అంతలో బంతి మా వైపు వచ్చింది. తన్నేవాడు కూడా నాలాగే ఆ సందు చూశాడు, ఫార్వర్డు ఖాళీగా ఉన్నాడనుకున్నాడు, పైకి లేపాడు. ఫార్వర్డు రెండు చేతులూ చాచాడు. ఆ చేతుల మీదుగా, వెనక నుంచి, ఎక్కడి నుంచో ఒక పిడికిలి వచ్చి బంతిని ఠప్పున కొట్టేసింది. బంతి కింద దొర్లిపోయింది. ఫార్వర్డు ఖాళీ చేతులకేసి చూసుకుంటున్నాడు.

నాతో వచ్చిన మా ఆఫీసు పెద్దాయన చప్పట్లు కొట్టలేదు. "ఎర వేశాడు" అన్నాడు, అంతే. ఆ తరువాత నేను బంతిని వదిలేసి అతన్నే చూశాను. మొహం చూస్తున్నాడా నడుం చూస్తున్నాడా అని. అవతలివాడి భుజమో నడుమో కాస్త కదలగానే ఇతని మొదటి అడుగు పడిపోయేది. మన మాస్టారు చూసి ఉంటే బెత్తం పక్కన పెట్టేవారు.

ఇంకోటి. అవతలివాళ్ళు 1 పాయింటు కొడితే, గోలు ముందు నుంచి డిఫెండరు బంతిని మళ్ళీ ఆటలోకి తన్నాలి. అందరూ దగ్గరున్న తమవాడికి జాగ్రత్తగా తన్నేవాళ్ళు. ఇతనికి బుద్ధి పుడితే, బంతి గిర్రున తిరుగుతూ పోయేలా ఒక తన్ను తన్నేవాడు. 60 మీటర్లు దాటి ఎక్కడో పడేది. ఒక్కోసారి అది సరిగ్గా తగలక వంకరగా పోయి మా గుండెలు జారిపోయేవి. అయినా మానేవాడు కాదు.

అప్పటికి అతనికి 32 ఏళ్ళు. ఆ ఏడాది ఆల్ ఆస్ట్రేలియన్ జట్టుకు, అంటే లీగు మొత్తంలో మేటి ఆటగాళ్ళతో ఎంచే జట్టుకు, ఎంపికయ్యాడు, 2000 తరువాత రెండోసారి. 2000 అంటే ఎసెండన్‌వాళ్ళు ఇప్పటికీ కళ్ళు మూసుకుని తలుచుకునే ఏడు. సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచే ఓడి, గ్రాండ్ ఫైనల్లో మెల్‌బోర్న్ జట్టును 60 పాయింట్లతో చిత్తు చేశారు. అంతమంది హేమాహేమీలున్న జట్టులో, ఆ ఏడాది క్లబ్బు ఉత్తమ ఆటగాడికిచ్చే క్రైటన్ మెడల్ వెళ్ళింది ఈ ఫుల్ బ్యాక్‌కే. గోల్స్ కొట్టేవాళ్ళని కాదని ఆపేవాడికి ఇచ్చారంటే ఆ క్లబ్బు మీద నాకు గౌరవం పెరిగింది.

అతని పాత సంగతులన్నీ పెద్దాయనే చెప్పాడు, మధ్యాహ్నం టీ వేళల్లో, విడతలవారీగా. అందులో నన్ను కదిలించింది 1993. అతనూ నేనూ ఒకే ఏడు పుట్టాం, 1975లో. తండ్రి కెన్ ఫ్లెచర్ ఎసెండన్‌కు 264 మ్యాచ్‌లు ఆడినవాడు. క్లబ్బుకు చాలా మ్యాచ్‌లు ఆడినవాళ్ళ కొడుకులను ఆ క్లబ్బే తీసుకోవచ్చని ఇక్కడ ఒక నియమం ఉంది. దాని ప్రకారం వచ్చాడు. వచ్చేనాటికి ఇంకా స్కూలు పూర్తి కాలేదు, 12వ తరగతి. అప్పట్లో గోలు ముందు నిలబడే ఫార్వర్డులంటే ఆషామాషీ కాదు: టోనీ లాకెట్, జేసన్ డన్‌స్టాల్, గ్యారీ ఆబ్లెట్. ఆ ఆబ్లెట్ 1993లోనే ఎసెండన్ మీద ఒకే మ్యాచ్‌లో 14 గోల్స్ కొట్టాడు. అయినా ఆ మ్యాచ్ ఎసెండన్ గెలిచింది, అది వేరే కథ. అలాంటివాళ్ళున్న కాలంలో, వారమంతా యూనిఫాంలో క్లాసుకు పోయే కుర్రాణ్ణి కోచ్ కెవిన్ షీడీ వెనక వరసలో నిలబెట్టాడు. ఆ ఏడాది జట్టులో ఇలాంటి పిల్లలు ఎక్కువై దానికి బేబీ బాంబర్స్ అని పేరు పడింది (బాంబర్స్ అనేది ఎసెండన్ ముద్దుపేరు). సెప్టెంబరులో గ్రాండ్ ఫైనల్. కార్ల్టన్ మీద 44 పాయింట్లతో గెలిచారు. కప్పు ఎత్తిన కొద్ది వారాలకే ఇతను పబ్లిక్ పరీక్షలకు కూర్చోవాలి.

అదే సెప్టెంబరులో నేనెక్కడున్నానో మన బ్యాచ్‌కి బాగా తెలుసు. ఇంటర్ లెక్కల పేపరుకు సప్లిమెంటరీ రాస్తున్నాను.

22 ఏళ్ళ తరువాత, 2015 మే 30న, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లో అతని 400వ మ్యాచ్. ఎంసీజీ అంటే మీకు చెప్పక్కర్లేదు. మన వైజాగు కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో సెంచరీ కొడితే స్టాండ్లో వాళ్ళ నాన్న కన్నీళ్ళు పెట్టుకున్న గ్రౌండు అదే. 2015లో ఆ రోజు 80 వేల పైచిలుకు జనం. అప్పటికి ఈ లీగు చరిత్రలో 400 ఆడినవాళ్ళు ఇద్దరే, మైకేల్ టక్, కెవిన్ బార్ట్‌లెట్. ఇతను మూడోవాడు. వయసు నలభై దాటి మూడు వారాలు. నాకూ అదే ఏడు నలభై. మూడో అంతస్తు మెట్లెక్కేసరికి నాకు ఆయాసమొచ్చి రైలింగు పట్టుకున్నాను. కింద అతను తన కొడుకుల వయసుకు దగ్గరగా ఉన్నవాళ్ళ వెంట పరిగెత్తుతున్నాడు. అవతలి జట్టు రిచ్‌మండ్ 13 పాయింట్లతో గెలిచింది. అతనికి గజ్జల్లో నరం పట్టేసింది, ఆ తరువాత మళ్ళీ లీగు మ్యాచ్ ఆడలేదు. అంటే సరిగ్గా 400 దగ్గర ఆగిపోయింది. 23 సీజన్లు, ఒకే క్లబ్బు. ఆ నవంబరులో డబ్లిన్‌లో ఐర్లండ్ మీద, రెండు దేశాల ఆటలూ కలిపిన రూల్స్‌తో ఆడిన మ్యాచ్‌లో ఆస్ట్రేలియాకు గోల్‌కీపరుగా నిలబడ్డాడు. ఆ చేతుల్ని అంత తేలిగ్గా ఎవరు వదులుకుంటారు?

చివరి సంగతి రాయకుండా దాటేయొచ్చు, సావనీర్‌లో మంచి మాటలే రాస్తారు కదా. కానీ దాటేస్తే పెద్దాయన ఊరుకోడు. 2012లో క్లబ్బు ఆటగాళ్ళకు ఇప్పించిన ఇంజెక్షన్లలో నిషేధించిన మందు ఉందన్న అనుమానం మీద దర్యాప్తు ఏళ్ళ తరబడి సాగింది. 2015 మార్చిలో లీగు ట్రిబ్యునల్, తప్పు రుజువు కాలేదంది. 2016 జనవరిలో పైకోర్టు లాంటి అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం ఆ తీర్పును తిరగేసి, 34 మంది ఆటగాళ్ళపై నిషేధం వేసింది. అందులో ఫ్లెచర్ పేరూ ఉంది. క్లబ్బు ఇచ్చింది తీసుకున్నవాళ్ళది తప్పా, ఏం ఇస్తున్నారో అడగనివాళ్ళది తప్పా అని మా ఆఫీసులో నెల రోజులు వాదనలు. అడగాల్సిందే అని నేనన్నాను. ఇప్పటికీ అదే అంటాను. పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు. కుర్చీ మీద ఎప్పుడూ వేలాడే మఫ్లరు తీసి సొరుగులో పెట్టాడు. మళ్ళీ సీజన్ మొదలయ్యే వారం బయటికి తీశాడు.

పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు స్కూలుకు వెళ్ళాను. హెడ్మాస్టర్ గదిలో 1990 నాటి మన టీము ఫోటో ఇంకా ఉంది, బీరువా పక్కన. మధ్యలో కుర్చీలో మాస్టారు, ఆయనకు అటూ ఇటూ కూతగాళ్ళు ఇద్దరూ, చేతుల్లో ప్రైజుగా వచ్చిన స్టీలు బేసిన్లు. నేను ఎడమ చివర నిలబడ్డాను. కుడి చేయి ఉంది. ఎడమ చేయి మోచేతి దగ్గర్నుంచి ఫ్రేము కింద పోయింది. ఫ్రేము కట్టినవాడు చిన్న సైజు వేశాడు. మీలో ఎవరి దగ్గరైనా కత్తిరించని ప్రింటు ఉంటే ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. పెద్దాయనకు ఆ చేయి చూపిస్తానని మాటిచ్చాను.