కూరల రంగులు, నా నడుము కొలత: పదకొండు నెలల అనుభవం

నిరుడు మా ఆఫీసులో జరిగిన ఆరోగ్య పరీక్షలో నా ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు అని రాసుకున్నాక, భయపడవలసిందేమీ లేదనుకుంటూ లేవబోతున్న నన్ను డాక్టరుగారు ఆపారు. చివరి పక్కటెముక ఎక్కడ ముగుస్తుందో వేలితో తడిమి, తుంటి ఎముక పైఅంచును తాకి చూసి, ఆ రెంటికీ నడుమ టేపు చుట్టి, "మామూలుగా ఊపిరి వదలండమ్మా, పొట్ట లోపలికి లాక్కోకండి" అన్నారు. కొలత 93 సెంటీమీటర్లు వచ్చింది. మన దేశంలో స్త్రీలకు 80, పురుషులకు 90 దాటితే జాగ్రత్త పడాలని ఆవిడ చెప్పారు. నాకప్పుడు 47 ఏళ్లు. బహిష్టులు ఆగే వయసులో కొవ్వు తొడల నుంచి పొట్టవైపు మళ్లుతుందనీ, చర్మం కింద చేరే కొవ్వుకన్నా పేగుల చుట్టూ పేరుకునేది కాలేయానికీ చక్కెర అదుపుకీ ఎక్కువ చేటనీ ఆ రోజే తెలిసింది.

బరువు అంతగా లేకుండానే పొట్ట ఎలా పెరిగిందన్న నా సందేహానికి ఆవిడ పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ గారి ఉదాహరణ చెప్పారు. ఆయన 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తన ఫొటోను ఒక బ్రిటిష్ సహచరుడి ఫొటో పక్కన అచ్చువేయించి, ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క) 22.3 అయినా సహచరుడి ఒంట్లో కొవ్వు 9.1 శాతమే ఉండగా తన ఒంట్లో 21.2 శాతం ఉందని చూపించారట. సన్నగా కనిపించే మనవాళ్లలో దాగి ఉండే కొవ్వును ఇంతకన్నా తేటగా చూపలేరు.

ఆ తరువాత కలిసిన పోషకాహార నిపుణురాలు మూడు రోజులపాటు నేను తినే కూరలను తూకం వేసి రాసుకొమ్మన్నారు. సగటున 130 గ్రాములు తేలింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 100 గ్రాముల ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంటోంది. మా కంచంలో మూడు గరిటెల తెల్లన్నం, పప్పుచారు, పెరుగు, ఓ మూలన రెండు చెంచాల కూర ఉండేవి. కూరలకు పసుపు, నారింజ, ఎరుపు రంగులనిచ్చే కెరోటినాయిడ్లనే పదార్థాలు రక్తంలో ఎక్కువగా ఉన్నవారికి నడుము చుట్టుకొలత తక్కువగా ఉండడం అనేక దేశాల పరిశీలనల్లో కనబడిందని ఆవిడ చెప్పారు. అయితే ఆ రంగులే కొవ్వును తగ్గిస్తున్నాయా, లేక కొవ్వులో కరిగే గుణం వల్ల లావుగా ఉన్నవారిలో అవి రక్తంలో మిగలకుండా కొవ్వులోకి చేరిపోతున్నాయా అన్నది ఇంకా తేలలేదనీ, కనుక వాటిని మందులా చూడవద్దనీ గట్టిగా చెప్పారు.

ఆ హెచ్చరిక చెవికెక్కక ముందే నేను తప్పు చేసి ఉన్నాను. మేముండే చెన్నైలోని ఒక బరువు తగ్గించే కేంద్రంలో "సహజ వర్ణాల" గుళికలు మూడు నెలలకు సరిపడా కొన్నాను. సీసా మీద, ఆ కెరోటినాయిడ్లలో ఒకటైన బీటా కెరోటిన్ మోతాదు పెద్దగానే రాసి ఉంది. పొగతాగే అలవాటున్న మావారు కూడా నాతోపాటు వాటిని మింగుతున్నారు. సీసా చూసిన డాక్టరుగారు వెంటనే మానేయమన్నారు. ఫిన్లాండులో పొగతాగే పురుషులు 29 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మింగినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో వెల్లడైంది. అమెరికాలో జరుగుతున్న ఇలాంటి మరో పరీక్షను 1996లో మధ్యలోనే ఆపేశారు. అమ్మేటప్పుడు "ఇంట్లో ఎవరైనా పొగతాగుతారా" అని ఒక్కమాట అడగని ఆ కేంద్రం మీద నాకు ఇప్పటికీ కోపమే. పచ్చి క్యారెట్టు తినడం వేరు, దానిలోని ఒక్క పదార్థాన్ని వేరుచేసి గుప్పెడు మింగడం వేరు.

గుళికలు మానాక రెండో పొరపాటు. పొట్ట తగ్గాలంటే నూనె ఉండకూడదనుకొని, రెండు నెలలు క్యారెట్టు పచ్చిగా, మిగతావన్నీ ఉత్త నీళ్లలో ఉడికించి తిన్నాను. నడుము ఒక్క సెంటీమీటరు తగ్గింది. "నూనె చుక్క లేని ఆకుకూర ఒంటికి పట్టదే అమ్మాయ్" అని మా అత్తగారు మొదటి వారంలోనే అన్నారు. కెరోటినాయిడ్లు కొవ్వుతో కలిస్తేనే పేగుల్లో ఇంకుతాయనీ, నూనె లేని సలాడ్ తిన్నవారి రక్తంలోకి అవి దాదాపు చేరనే లేదని పరీక్షల్లో తేలిందనీ నిపుణురాలు చెప్పినప్పుడు అత్తగారి మాట గుర్తొచ్చి సిగ్గనిపించింది.

ఆ సాయంత్రం బాణలిలో రెండు చెంచాల నువ్వుల నూనెలో టమాటా ముక్కలు వేసి, సన్నని సెగమీద మగ్గుతుంటే దగ్గర నిలబడి చూశాను. లేత పసుపుగా ఉన్న నూనె పది నిమిషాల్లో ముక్కల అంచుల నుంచి నారింజ రంగుకు తిరిగి, చివరికి ఎర్రగా పైకి తేలింది. ఆ ఎరుపే లైకోపీన్ అనే కెరోటినాయిడ్. పచ్చి టమాటాలోకన్నా వండిన దానిలో అది ఒంటికి సులువుగా అందుతుంది. ఎర్ర తోటకూర కథ వేరు. దాన్ని ఉడికించి వార్చితే గిన్నెలోకి బీట్‌రూటు రసంలాంటి నీళ్లు దిగుతాయి, ఎందుకంటే ఆ ఎరుపు నీటిలో కరిగే బీటాలెయిన్లనే రంగుల జాతిది. అదే ఆకులో పచ్చదనం మాటున దాగిన పసుపువన్నె కెరోటినాయిడ్లకు మాత్రం నూనె కావాలి. అందుకే ఇప్పుడు వార్చకుండా, కడిగిన తడితోనే మూతపెట్టి మగ్గించి, పోపు పెడుతున్నాను. నేరేడు పండులోని ఊదా, వంకాయ తొక్కలోని ఊదా ఆంథోసయనిన్లనే మరో జాతి రంగులు. అవీ నీటిలో కరిగేవే కాబట్టి వంకాయ ముక్కలను ఉప్పునీళ్లలో గంటలకొద్దీ నాననివ్వడం మానేశాను.

విల్లివాక్కంలో మా వీధికి ఆకుకూరలు తెచ్చే ఆవిడది తిరుత్తణి దగ్గరి పల్లె, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "అక్కా, ఈ పూట పొన్నగంటి లేతగా ఉంది, మునగాకు రేపు తెస్తాను" అంటూ నాకోసం ఒక కట్ట పక్కన పెట్టేది. నాలుగో నెలకు కూర తూకం 350 గ్రాములకు చేరింది. కూర పెరిగినకొద్దీ మూడు గరిటెల అన్నం ఒకటిన్నరకు దిగింది. దాంతోపాటు అన్నానగర్ టవర్ పార్కులో ఉదయం నలభై నిమిషాలు నడిచాను. కాబట్టి తగ్గిందంతా రంగుల చలవేనని నేను చెప్పను. అన్నం తగ్గడం, నడక, కూరల పీచు అన్నీ అందులో ఉన్నాయి.

ప్రతి నెలా మొదటి ఆదివారం పరగడుపున, డాక్టరుగారు చూపిన చోటే టేపు పెట్టి కొలుచుకున్నాను. ఆరో నెల 90, తొమ్మిదో నెల 88, పదకొండో నెల 86.5. బరువు మూడు కిలోలే తగ్గింది, అది కూడా ఒక నెల తగ్గి మరో నెల పెరుగుతూ. మొన్నటి కొలతప్పుడు టేపు వెనకవైపు జారకుండా మా అత్తగారే పట్టుకున్నారు. ఇంకా ఆరున్నర సెంటీమీటర్లు తగ్గాలి.