సహారా ఉల్కరాయిని క్లాసిఫై చేయించడం – నా అనుభవం

మాది రాజోలు వైపండి, కోనసీమ. మా దగ్గర ఎంత లోతు తవ్వినా ఒండ్రుమట్టి, ఇసుకే గానీ రాయి తగలదు, కంటికి కనపడే నల్లరాళ్ళన్నీ ఏటిగట్టుకి వేయడానికి రాజమండ్రి వైపు క్వారీల నుంచి లారీల్లో వచ్చినవే. అందుకేనేమో నాకు చిన్నప్పట్నుంచీ రాళ్ళంటే ప్రాణం. ఆ ఇష్టంతోనే సహారాలో దొరికిన ఒక ఉల్కరాయిని మొరాకో డీలర్ దగ్గర కొన్నా, 340 గ్రాములు, ఎవరూ క్లాసిఫై చెయ్యనిది, అంటే ఏ రకమో ల్యాబ్ తేల్చనిది. హెచ్ కాండ్రైట్ అయ్యుండొచ్చు అన్నాడాయన. కాండ్రైట్ అంటే లోపల గుండ్రటి గింజలుండే రాతి ఉల్క, అందులో లోహం ఎక్కువున్న రకం హెచ్.

అయస్కాంతం గట్టిగానే పట్టింది, కానీ దాన్నే నమ్ముకుంటే లాభం లేదు, మన గట్టు మీది నల్లరాయి కూడా కొంచెం పడుతుంది. అందుకని సాంద్రత చూద్దామని మా ఊరి ఆచారిగారి కొట్టుకి పట్టుకెళ్ళా. కాటా మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో అడుగు తగలకుండా వేలాడదీశాం. ‘ఆయ్, నూట రెండు చూపిస్తందండి’ అన్నారు. అది రాయి తోసిన నీళ్ళ బరువు, అంటే రాయి ఘనపరిమాణమే. 340ని 102తో భాగిస్తే సాంద్రత 3.3. గ్రానైట్ 2.7 దగ్గర ఉంటుంది, బసాల్ట్ 3కి అటూ ఇటూ, సాధారణ కాండ్రైట్లు (హెచ్, ఎల్, ఎల్‌ఎల్ అనే మూడు రకాలు) చాలావరకు 3.2 పైమాటే, కాబట్టి ఆశ పుట్టింది. ఇంటికొచ్చాక రాయిని బాగా ఆరబెట్టా, లోపల లోహం ఉంటుంది కదా, తడి ఉంటే తుప్పు పట్టేస్తుంది.

తర్వాత కోత. గ్రానైట్ కోసే మెషీన్ మీద పెట్టించకండి, ఆ మందం బ్లేడుకి బోలెడు రాయి పొడైపోతుంది, పైగా బోరు నీళ్ళు కొడతారు. నేను సన్నటి డైమండ్ బ్లేడ్ ఉన్నచోట ఆల్కహాల్ వాడి నిదానంగా కోయించా. కోసిన ముఖం చూస్తే ముదురు గోధుమరంగు మీద గసగసాలు చల్లినట్టు గుండ్రటి చుక్కలు, మధ్యమధ్యలో మిలమిలా మెరిసే లోహపు రవ్వలు, చాలా రవ్వల చుట్టూ ఎర్రటి తుప్పు. ఆ చుక్కలే కాండ్రూల్స్, దాదాపు 456 కోట్ల ఏళ్ళ క్రితం కరిగి గడ్డకట్టిన బొట్లు. లెన్స్ పట్టుకుని ఎంతసేపు చూశానో నాకే తెలీదు.

ఇక అసలు పని ల్యాబ్‌ది. రూలేంటంటే 20 గ్రాములు లేదా మొత్తం బరువులో 20 శాతం, ఏది తక్కువైతే అది ల్యాబ్‌కి ఇచ్చెయ్యాలి, అది మళ్ళీ రాదు, టైప్ స్పెసిమెన్‌గా, అంటే ఆ రాయికి ఆధారంగా దాచే నమూనాగా అక్కడే ఉండిపోతుంది. నా రాయికి 20 గ్రాములు పోయాయి. కొంతమంది ఇక్కడే వెనకాడతారు గానీ ఇవ్వడమే న్యాయం అంటా నేను, రేపు ఎవరైనా ఆ రిజల్ట్‌ని చెక్ చెయ్యాలంటే ముక్క ఉండాలి కదా.

వాళ్ళు 0.03 మిల్లీమీటర్ల పల్చటి పొర చేసి మైక్రోస్కోప్ కింద చూసి, మైక్రోప్రోబ్ అనే యంత్రంతో ఆలివిన్ అనే ఖనిజంలో ఇనుము ఎంతుందో కొలిచారు. తేల్చేది అదే. ఆలివిన్‌లో ఇనుము వాటాని ఫయలైట్ శాతంగా చెప్తారు, అది 16 నుంచి 20 దాకా ఉంటే హెచ్, 22 నుంచి 26 అయితే ఎల్, అంతకు మించితే ఎల్‌ఎల్. నాది 24.7, అంటే ఎల్. లోహం తక్కువైనకొద్దీ ఆలివిన్‌లో ఇనుము పెరుగుతుంది, హెచ్‌లో లోహం ఎక్కువ, ఆలివిన్‌లో ఇనుము తక్కువ, ఇది నాకు భలే నచ్చిన విషయం. కాండ్రూల్స్ అంచులు కాస్త మసకబారినా గుర్తుపట్టేలా ఉన్నాయి కాబట్టి టైప్ 5, అంటే పుట్టిన చోట వేడికి రాయి ఎంత మారిందో చెప్పే అంకె. ఆలివిన్‌లో సమాంతరంగా పగుళ్ళు ఉన్నందుకు షాక్ (అంతరిక్షంలో తగిలిన గుద్దుల తీవ్రత) ఎస్3, లోహం సగానికి పైగా తుప్పుగా మారినందుకు వెదరింగ్ (భూమ్మీద పడ్డాక ఎంత పాడైందో) డబ్ల్యూ3.

ఆ వివరాలన్నీ ఉల్కలకి అధికారికంగా పేర్లు పెట్టే మెటియోరిటికల్ సొసైటీ నామకరణ కమిటీకి ల్యాబే పంపింది, నేను చెయ్యాల్సింది ఎదురుచూడటమే, అది మాత్రం చాలా నెలలు పట్టింది. ఎక్కడ దొరికిందో కచ్చితంగా తెలియని సహారా రాళ్ళకి నార్త్‌వెస్ట్ ఆఫ్రికా అని పెట్టి పక్కన నంబర్ ఇస్తారు, నా రాయికీ అలాగే వచ్చింది. మెటియోరిటికల్ బులెటిన్ డేటాబేస్‌లో ‘ఎల్5’ అని చూసుకున్న రోజు ఇంట్లో అందరికీ చూపించా.

మన వాతావరణంలో మాత్రం జాగ్రత్త, వానాకాలం వచ్చిందంటే ఉప్పే నీరైపోయే ఊళ్ళు మనవి. గాలి చొరబడని డబ్బాలో సిలికాజెల్ వేసి పెట్టండి, జెల్ రంగు మారగానే మార్చండి. ఇంకో సంగతి, ఇదంతా బయటి దేశంలో దొరికి కొన్న రాయి గురించి. మన దేశంలో పడిన రాయి ఎవరికైనా దొరికితే దారి వేరు, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెప్పాలి.