మ్యూజియాలకూ ఒక వారశూల

మా అమ్మ ఏ ప్రయాణానికైనా ముందు గోడమీది క్యాలెండర్ చూస్తుంది. శుక్రవారం, ఆదివారం పడమటి దిక్కుకు శూల. యూరప్ మనకు పడమరే కాబట్టి ఆ రెండు రోజులూ వద్దంది. సెప్టెంబరు మొదటి వారంలో, గురువారం తెల్లవారుజామున హైదరాబాద్‌లో విమానం ఎక్కడానికి ముగ్గురం ఒప్పుకున్నాం. అమ్మ, నాన్న, నేను. పారిస్, ఫ్లోరెన్స్, రోమ్, మళ్లీ గురువారం తిరుగు ప్రయాణం.

ఊళ్లన్నీ రాసుకున్నాక తెలిసింది, అక్కడి మ్యూజియాలకు కూడా వాటి వారాలు వాటికున్నాయని. పారిస్‌లో లూవ్రకు మంగళవారం సెలవు. ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ రాజభవనం సోమవారం మూసేస్తారు. ఫ్లోరెన్స్‌లో శిల్పి మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా, చిత్రాలకు పేరుపడ్డ ఉఫీజీ రెండూ సోమవారమే సెలవు. రోమ్‌లో వాటికన్ మ్యూజియాలు ఆదివారం తెరవరు. నెలలో చివరి ఆదివారం మాత్రం మధ్యాహ్నం 2 దాకా ఉచితం, ఆ రోజు రద్దీ చెప్పనక్కర్లేదు.

నా మొదటి ప్లాన్‌లో ఆదివారం పారిస్ నుంచి బయలుదేరి, సోమవారం ఫ్లోరెన్స్ చూసి, మంగళవారం రోమ్ చేరతాం. అంటే ఫ్లోరెన్స్‌కు మాకున్న ఒక్క రోజూ మూసిన తలుపుల ముందే గడిచేది. నాన్న తెనాలిలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేశారు. విగ్రహాలు చేసే శిల్పుల ఊరు అది. డేవిడ్ బొమ్మను పుస్తకంలో చూసి పిల్లల చేత ఎన్నిసార్లు వేయించారో లెక్కలేదు. మొత్తం యాత్రలో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్లాన్‌ను ఒక రోజు ముందుకు జరిపాను. శుక్రవారం లూవ్ర రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. పగలంతా సేన్ నది ఒడ్డున తిరిగి, సాయంత్రం లోపలికి వెళ్లాం. శనివారం రైలు. పారిస్ నుంచి మిలాన్‌కు సుమారు 7 గంటలు, అక్కడ మారి ఫ్లోరెన్స్‌కు ఇంకో 2 గంటలు. ఆల్ప్స్ కొండలు కిటికీలోంచి కనిపిస్తుంటే అమ్మ పులిహోర డబ్బా తెరిచింది. శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం అక్కడివాళ్లు కూడా ఊళ్లకు వెళ్లొస్తుంటారు, టికెట్ల ధరలు అప్పుడే పెరుగుతాయి. శనివారం మాకు ఆ ఇబ్బంది లేకపోయింది.

ఆదివారం ఫ్లోరెన్స్, సోమవారం రోమ్‌కు రైలు. అంతా సరిపోయిందనుకున్నాను. రైలు టికెట్లు కొనేశాక, అవి మార్చుకోవడానికి వీల్లేని చవక టికెట్లు, అకాడెమియాకు బుక్ చేద్దామని కూర్చుంటే ఆ ఆదివారానికి ఏ సమయమూ చూపించలేదు. టికెట్లు అయిపోయాయేమో అనుకున్నాను. కాదు. ఇటలీలో నెల మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలన్నిటిలో ప్రవేశం ఉచితం. మేం వెళ్లేది సరిగ్గా ఆ ఆదివారమే. టికెట్ ఉండదు, ముందస్తు బుకింగూ ఉండదు. ఎవరు ముందొస్తే వాళ్లకి.

అకాడెమియా 8.15కి తెరుస్తారు. మేం 7 లోపే లైన్లో ఉన్నాం. అప్పటికే లైను గోడ మలుపు దాటింది. నాన్నకు మోకాళ్ల నొప్పి. అమ్మ తన శాలువా నాలుగు మడతలు వేసి ఒక గుమ్మం మెట్టుమీద పరిచి, ‘మీరు కూర్చోండి, మేం నిలబడతాం’ అంది. ఆయన పది నిమిషాలు కూర్చుని లేచి మళ్లీ వచ్చేవారు. 9 దాటాక లోపలికి వెళ్లాం.

డేవిడ్ దగ్గరికి వెళ్లే దారిలో రెండు పక్కలా మైకెలాంజెలో పూర్తిచేయని బందీల విగ్రహాలు ఉంటాయి. జనమంతా వాటిని దాటుకుని నేరుగా వెళ్లిపోతున్నారు. నాన్న అట్లాస్ అనే విగ్రహం దగ్గర ఆగిపోయారు. దానికి తల ఇంకా రాయిలోనే ఉంది. ఉలి గీతలు పక్కపక్కనే, దువ్వెనతో దువ్వినట్టు, స్పష్టంగా కనిపిస్తాయి. ‘చూడమ్మా, చెయ్యి ఎటు నుంచి ఎటు కదిలిందో తెలుస్తోంది’ అన్నారు.

తర్వాత డేవిడ్. 1501 నుంచి 1504 మధ్య చెక్కింది, 5.17 మీటర్ల ఎత్తు. ఫోటోల్లో ఆ ఎత్తు తెలియదు. నాన్న ఆ విగ్రహం ముఖం వైపు చూసింది తక్కువ, కుడిచెయ్యి వైపు చూసింది ఎక్కువ. ఒంటికి మించిన పెద్ద చెయ్యి, మణికట్టు మీద నరాలు ఉబ్బి, వేళ్లు లోపలికి ముడుచుకుని. తన కుడిచేతిని కూడా అలాగే ముడిచి పట్టుకుని, రెండూ మార్చి మార్చి చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డారు. అమ్మ ఆయన్ని తొందరపెట్టలేదు.

బయటికొచ్చేసరికి ఉఫీజీ దగ్గర లైను చాలా పొడవుంది. మరో లైన్లో నిలబడే శక్తి ఆయనకు లేదు. మర్నాడు సెలవు. అక్కడున్న బాటిచెల్లి వేసిన వీనస్ చిత్రాన్ని చూడకుండానే వచ్చేశాం. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

సోమవారం రైలు గంటన్నరలో రోమ్ చేరింది. ఊరు మూసిన రోజును ప్రయాణానికి వాడుకోవడం ఎంత హాయో అక్కడ తెలిసింది, వదిలేసి వచ్చామన్న బాధే ఉండదు. మంగళవారం వాటికన్ మ్యూజియాలు, అటునుంచి అటే సెయింట్ పీటర్స్ చర్చి. బుధవారం ఉదయాలు పోప్ ఆ చర్చి ముందున్న చౌక్‌లో జనానికి దర్శనమిస్తారు, ఆ పూట చర్చిలోకి వెళ్లడం కుదరదు. అందుకే బుధవారం కొలోసియంకు ఉంచుకున్నాం.

తిరుగు ప్రయాణాన్ని శుక్రవారానికి పెట్టకపోవడానికి అమ్మ క్యాలెండర్ కాకుండా ఇంకో కారణం కూడా ఉంది. ఇటలీలో రవాణా సమ్మెలు తరచుగా శుక్రవారమే పెడతారు. చట్టం ప్రకారం కనీసం 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, వాటి జాబితా రవాణా శాఖ సైట్లో ఉంటుంది. పనిరోజుల్లో సమ్మె ఉన్నా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య లోకల్ రైళ్లు నడపాలి. అయినా పెద్దవాళ్లతో, సామానుతో, విమానం పట్టుకోవాల్సిన రోజున ఆ టెన్షన్ ఎందుకు?

ఈసారి ఫ్లోరెన్స్‌లో మంగళవారం దిగి, మూడు రాత్రులు ఉంటాం. మొదటి ఆదివారం దగ్గర్లో లేకుండా చూసుకుంటాను. నాన్నకు ఉఫీజీ బాకీ ఉన్నాను.