వారంటీ ముగిశాక విద్యుత్ కారు: ఇరవై నెలల ఖర్చుల ఖాతా

కారు కొన్నది 2021 మార్చిలో. మూడేళ్ల మామూలు వారంటీ 2024 మార్చితో తీరిపోయింది. పెద్ద బ్యాటరీకి, మోటారుకు మాత్రం ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఆ రెండూ తప్ప మిగతా ఏది పాడైనా ఇక నా జేబులోంచే. మీటరు ఇప్పుడు 78,400 చూపిస్తోంది. చేతికి గ్రీజు అంటిన ప్రతిసారీ నోటుపుస్తకంలో రాసుకున్నదే ఇది.

2024 జూన్

పొద్దున్నే కారు ఎక్కితే తెర నిండా హెచ్చరికలు. బ్రేకు, స్టీరింగు, మోటారు అన్నీ చెడిపోయాయట! పెద్ద బ్యాటరీలో మాత్రం 80 శాతం ఉంది. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే కన్వర్టర్ (పెద్ద బ్యాటరీ నుంచి చిన్న బ్యాటరీని ఛార్జి చేసే భాగం) పోయి ఉంటుంది, బండిని లారీ మీద పంపమన్నారు.

పంపే ముందు బానెట్ ఎత్తి 12 వోల్టుల చిన్న బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టాను. 11.4 వచ్చింది. నిండుగా ఉంటే 12.6 ఉండాలి. కారులోని కంప్యూటర్లను లేపేదీ, పెద్ద బ్యాటరీని కలిపే కాంటాక్టర్లనే స్విచ్చులను వేసేదీ ఈ చిన్నదే. ఇది నీరసిస్తే పెద్దది ఎంత నిండి ఉన్నా బండి కదలదు. పక్కింటివారి బ్యాటరీ నుంచి తీగలు కలిపి కారు ఆన్ చేసి, మళ్లీ కొలిస్తే 14.1. అంటే కన్వర్టర్ తన పని తాను చేస్తూనే ఉంది. పాతది ఇచ్చి కొత్త బ్యాటరీ తెచ్చుకుంటే రూ. 4,500 అయింది.

2024 నవంబర్

సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు మా వీధి చివర సగం చక్రం లోతు నీళ్లలోంచి కారును బయటికి తెచ్చాను. రెండు నెలల తరువాత, ఎడమవైపు ముందు చక్రం నుంచి సన్నగా మూలుగు మొదలైంది. ఆటోనగర్‌లో నాకు పాత పరిచయమున్న మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన జాకీని కారు నడిమికి తోయబోతుంటే ఆపాను. అక్కడ ఉన్నది బ్యాటరీ పెట్టె. అంచుల్లో గుర్తు పెట్టిన చోట్లే ఎత్తాలి. అధిక వోల్టేజీ పారే నారింజ రంగు తీగల జోలికి మాత్రం ఆయనా పోలేదు, నేనూ పోలేదు.

చక్రాన్ని ఒక చేత్తో తిప్పుతూ రెండో అరచేతిని సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించారు. కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండి, నన్నూ చేయి పెట్టమన్నారు. ఇసుక నలిగినట్టు సన్నటి వణుకు. "ఇంజిన్ మోత లేదు కాబట్టి నీకు ముందే వినపడింది బాబూ. పెట్రోలు బండి అయితే ఇంకొన్నాళ్లకు గానీ తెలిసేది కాదు" అన్నారు. చక్రం బేరింగ్ పోయింది. కొత్త బేరింగ్, కూలి కలిపి రూ. 3,800.

బ్రేకు ప్యాడ్లు సగానికి పైగా మిగిలే ఉన్నాయి. వేగాన్ని తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది కదా. కానీ వాడక లేక, ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటున్నాయి. ఏటా తీసి గ్రీజు పెట్టాలి. బ్రేకు ఆయిల్ కూడా మార్పించాను. రూ. 850.

2025 ఏప్రిల్

నన్ను నిజంగా భయపెట్టింది ఇదే. ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఇరవై నిమిషాలకే ఆగిపోతోంది. కారులోని ఛార్జర్ మొత్తం మార్చాలి, రూ. 90,000 పైన అవుతుందన్నారు సర్వీస్ సెంటర్‌వాళ్లు. రెండు రాత్రులు నిద్ర లేదు.

మూడో రోజు ప్లగ్గు లాగి చూస్తే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ మాడిన అప్పడంలా గోధుమరంగుకు తిరిగి ఉబ్బింది. గోడలోని సాకెట్ పట్టు వదులైంది. గంటల తరబడి 15 ఆంపియర్లు లాగుతుంటే వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికే ఛార్జింగ్ ఆగిపోతోంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిపించాను. 9 వోల్టులు! ఎర్త్ సరిగా లేదన్నమాట. ఎర్త్ గొయ్యి తెరిస్తే పైపు మీద క్లాంపు తుప్పు పట్టి ఊగుతోంది. క్లాంపు మార్చి, ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోశాక 1.4కు దిగింది. నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్, కొత్త ప్లగ్గు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, కూలి అన్నీ కలిపి రూ. 2,650. ఆ తరువాత ఒక్కసారీ ఆగలేదు.

చెడిన భాగాన్ని వెతకకుండా యూనిట్ మొత్తం మార్చమనడం నాకు మింగుడుపడదు. అయినా ఆ యూనిట్ నిజంగానే పోయే రోజు రావచ్చు. అందుకని నెలకు రూ. 2,000 విడిగా వేస్తున్నాను.

2025 నవంబర్

నాలుగు టైర్లు రూ. 27,600. ఇప్పటిదాకా మొత్తం రూ. 39,400 అయితే అందులో సింహభాగం వీటిదే.

బ్యాటరీ సత్తువ కూడా కొలిచాను. గోడ దగ్గర పెట్టిన మీటరు ప్రకారం 10 శాతం నుంచి 100కు చేర్చడానికి మొదటి ఏడాది 30.8 యూనిట్లు పట్టేది, ఇప్పుడు 28.4. దాదాపు ఎనిమిది శాతం తగ్గిందన్నమాట. వచ్చే మే ఎండల్లో ఒకసారి, డిసెంబరు చలిలో ఒకసారి ఇదే కొలత మళ్లీ తీయాలి. ఈలోగా కుడివైపు లోయర్ ఆర్మ్ బుష్షు (సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్క) గుంతల్లో టక్కుమంటోంది. సోమవారం ఆటోనగర్‌కు తీసుకెళ్తాను.