వెనుక వరుస వాద్యాలకు దొరికిన తరగతి గది

మన కచేరీలో మృదంగానికి పక్కవాద్యమన్న పేరున్నా, లయవాద్యం ఒంటరిగా మోగే తని ఆవర్తనం వచ్చేసరికి వేదిక మొత్తం దాని వశమవుతుంది. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో తాళవాద్యాలకు ఆ పాటి అవకాశమైనా చాలాకాలం దక్కలేదు. వయొలిన్ల వెనుక, ఊదే వాద్యాల వెనుక, చిట్టచివరి వరుసలో నిలబడి, ఎప్పుడో వచ్చే తన వంతు కోసం విరామాలు లెక్కపెట్టుకోవడమే ఆ కళాకారుడి పని. ఆ స్థితిని మార్చిన వారిలో స్వరకర్తల పేర్లే అందరికీ గుర్తుంటాయి. నాకు మాత్రం అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయపు తాళవాద్య బృందం గురించి చదివిన ప్రతిసారీ, ఆ మార్పు నిలదొక్కుకున్నది అక్కడేనన్న నమ్మకం మరింత బలపడుతోంది. ఇన్నాళ్లుగా మనసులో ఉన్న ఆ మాటను ఈ రోజు కాస్త వివరంగా రాయాలనిపించింది.

1949లో పాల్ ప్రైస్ అనే యువ అధ్యాపకుడు అర్బానా-షాంపేన్‌లోని ఆ విశ్వవిద్యాలయంలో చేరాడు. మరుసటి ఏడాది, అంటే 1950లో, తాళవాద్య బృందంలో వాయించడాన్ని విద్యార్థులకు క్రెడిట్లు లభించే పాఠ్యాంశంగా మార్చాడు. అమెరికాలో ఇటువంటి గుర్తింపు పొందిన మొదటి కోర్సు అదేనని చెబుతారు. పైకి ఇది కార్యాలయపు కాగితాల మీద జరిగిన చిన్న మార్పులా కనిపిస్తుంది. అంతకు ముందు ఇరవై ఏళ్లలో ఏం జరిగిందో చూస్తే గానీ దాని విలువ అర్థం కాదు.

స్వరకర్త ఎడ్గార్ వరేజ్ తాళవాద్య బృందం కోసం రచించిన 'అయొనైజేషన్' 1933 మార్చి 6న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో తొలిసారి వినిపించింది. అందులో పదమూడు మంది కళాకారులు, నలభై దాకా వాద్యాలు, వాటితోపాటు రెండు సైరన్లు ఉంటాయి. ఆ ప్రదర్శనను నడిపించిన నికొలస్ స్లోనిమ్‌స్కీ తరువాతి కాలంలో చెప్పినదాని ప్రకారం, ఆర్కెస్ట్రాలో వృత్తిగా తాళవాద్యాలు వాయించేవారికి అందులోని లయలు పట్టుబడలేదు; చివరకు స్వరకర్తలే తలా ఒక వాద్యం చేతపట్టి నిలబడవలసి వచ్చింది. 1939 డిసెంబరులో సియాటిల్‌లోని కార్నిష్ పాఠశాలలో మరో స్వరకర్త జాన్ కేజ్ తన 'ఫస్ట్ కన్‌స్ట్రక్షన్'ను వినిపించినప్పుడు కూడా, మోటారు వాహనాల బ్రేక్ డ్రమ్ములు, ఇనుప దిమ్మెలు, ఉరిమినట్లు మోగే రేకులు వాయించినవారు ఆయన చుట్టూ చేరిన మిత్రబృందమే. సంగీతం పుట్టింది, విమర్శకుల దృష్టిలోనూ పడింది; అయితే ఆ కళాకారులు ఎవరి దారిన వారు వెళ్లిపోయాక ఆ రచనలను మళ్లీ వాయించేవారు కరవయ్యారు.

క్రెడిట్లు లభించే తరగతి తీర్చినది ఈ కొరతనే. కోర్సు అంటే సాధనకు కేటాయించిన వేళ ఉంటుంది, వాద్యాలకు చోటు ఉంటుంది, బాధ్యత వహించే గురువు ఉంటాడు. అన్నిటినీ మించి, ఏటా కొత్త విద్యార్థులు వస్తూనే ఉంటారు. కష్టమైన రచన ఈ ఏడాది సగమే కుదిరితే, వచ్చే ఏడాది మళ్లీ ఎత్తుకోవచ్చు. ఒక కళారూపం నిలబడడానికి ప్రతిభ ఒక్కటే చాలదని, ఇలా ఏటా తిరిగి మొదలుపెట్టే ఓపిక కూడా కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ తరగతికి మరో చిక్కు ఎదురైంది. వాయించేవారు తయారయ్యారు గానీ, వారికి సరిపడా రచనలు లేవు. ఈ సందర్భంలోనే నాకు ఎంతో ఇష్టమైన ఉదంతం ఒకటి ఉంది. మైఖేల్ కోల్‌గ్రాస్ అనే జాజ్ డ్రమ్మర్ అక్కడ విద్యార్థి. బృందం కచేరీ విన్నాక అభిప్రాయం అడిగితే, వాయింపు బాగుంది గానీ సంగీతం బాగాలేదని అతడు మొహమాటం లేకుండా చెప్పాడట. అయితే నువ్వే మంచిది రాయరాదా అన్నాడట ప్రైస్. కోపగించుకోకుండా కుర్రవాడి చేతికి పని అప్పగించిన ఆ గురువు మీద నాకు అపారమైన గౌరవం.

కోల్‌గ్రాస్ రాశాడు. 1951 నాటి అతని 'త్రీ బ్రదర్స్' తొమ్మిది మంది కోసం కూర్చిన రచన. అన్నదమ్ములు ముగ్గురూ బోంగోలనే చిన్న జంట డ్రమ్ములు, స్నేర్ డ్రమ్, గిన్నె ఆకారంలో ఉండే పెద్ద డ్రమ్ములైన టింపనీ. మిగిలిన ఆరుగురూ వారికి తోడుగా నిలుస్తారు. నేను దీన్ని హెడ్‌ఫోన్స్‌తో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బోంగోల పలుకు పొడిగా, వేళ్ల చివరి నుంచి రాలినట్లు ఉంటుంది. స్నేర్ డ్రమ్ అడుగున బిగించిన తీగలు ఆ మాటనే అందుకొని గరగరమనిపిస్తాయి. టింపనీ అదే మాటను కిందికి దింపి, గుండ్రంగా, కాస్త ఆలస్యంగా ఆరిపోయే నాదంతో పలుకుతుంది. రాగం లేదు, పాట లేదు, అయినా ముగ్గురు మాట్లాడుకుంటున్నారని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. విద్యార్థి దశలో రాసిన ఈ చిన్న రచనను కళాశాలల బృందాలు ఇప్పటికీ వాయిస్తూనే ఉన్నాయి.

రాసినవి ఇతరులకు చేరాలంటే అచ్చు కావాలి. ప్రైస్ ఆ పని కూడా తలకెత్తుకొని, తాళవాద్య రచనల కోసమే ప్రచురణ సంస్థను నెలకొల్పాడు. 1957లో ఆయన న్యూయార్క్‌లోని మన్‌హాటన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌కు వెళ్లి అక్కడ కూడా బృందాన్ని కట్టాడు. మరుసటి ఏడాది ఆ నగరంలోనే టౌన్ హాల్ అనే కచేరీ మందిరంలో జాన్ కేజ్ పాతికేళ్ల కృషికి జరిపిన కచేరీలో, సియాటిల్ మిత్రబృందం ఒకప్పుడు మోగించిన ఆ 'ఫస్ట్ కన్‌స్ట్రక్షన్'ను వాయించినది ఈ బృందమే.

గురువు వెళ్లిపోయినా ఇలినాయ్‌లో తరగతి ఆగలేదు. ఆయన శిష్యుడు జాక్ మెకెంజీ దాన్ని అందుకున్నాడు. 1969 నుంచి దాదాపు మూడు దశాబ్దాలపాటు బాధ్యత వహించిన థామస్ సీవే కూడా అక్కడ చదువుకున్నవాడే. తాళవాద్య రచనలను వెతికి, జాబితాలుగా కూర్చి, అచ్చువేయించిన ఘనత ఆయనది. ఒకనాడు వాయించడానికి రచనలు లేవని బాధపడిన చోటి నుంచే, ఉన్న రచనలన్నిటికీ పట్టిక వేయవలసిన అవసరం పుట్టిందన్నమాట.

'నువ్వే రాయరాదా' అనిపించుకున్న ఆ జాజ్ డ్రమ్మర్ ఆ తరువాత న్యూయార్క్ ఫిల్‌హార్మొనిక్ ఆర్కెస్ట్రా కోరిక మీద 'దేజా వూ' అనే రచన చేశాడు. దానికి 1978లో పులిట్జర్ బహుమతి లభించింది. అందులో ప్రధాన వాద్యకారులు నలుగురు, నలుగురూ తాళవాద్యకారులే. మిగతా ఆర్కెస్ట్రా అంతా వారికి పక్కవాద్యం.