కంప్రెసర్ స్విచ్ దగ్గర గాలి లీకవుతుంటే స్విచ్ మార్చకండి, ముందు చెక్ వాల్వ్ చూడండి

ఇంట్లో వాడే చిన్న కంప్రెసర్‌కి ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే. ట్యాంక్ నిండి మోటార్ ఆగుతుంది, కానీ ప్రెషర్ స్విచ్ (ట్యాంక్‌లో ప్రెషర్‌ని బట్టి మోటార్‌ని ఆన్, ఆఫ్ చేసేది) కింద నుంచి గాలి సుయ్‌మంటూ పోతూనే ఉంటుంది. గేజ్ ముల్లు మెల్లగా దిగిపోతుంది. మోటార్ మళ్ళీ స్టార్ట్ అవ్వబోయి ఒక్కోసారి గుయ్‌మని మూలిగి ఆగిపోతుంది. నాది కూడా ఇలాగే మొదలైంది. చూసినవాళ్ళంతా స్విచ్ పోయింది, మార్చేయమన్నారు, ఎందుకంటే గాలి బయటికి వచ్చేది అక్కడే కదా. కానీ జబ్బు అక్కడ లేదు.

పిస్టన్ నుంచి ట్యాంక్‌కి వెళ్ళే లావుపాటి పైపు చివర ఒక ఇత్తడి చెక్ వాల్వ్ ఉంటుంది, అది గాలిని ట్యాంక్‌లోకి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. దాని పక్క నుంచి ఒక సన్నటి గొట్టం ప్రెషర్ స్విచ్ కింద ఉండే అన్‌లోడర్‌కి వెళ్తుంది. మోటార్ ఆగగానే పైపులో మిగిలిన గాలిని ఆ అన్‌లోడర్ బయటికి వదిలేస్తుంది, లేకపోతే మళ్ళీ స్టార్ట్ అయ్యేటప్పుడు పిస్టన్ ఆ ప్రెషర్‌ని నెట్టుకుంటూ తిరగాలి, చిన్న మోటార్‌కి అంత బలం ఉండదు. కాబట్టి ఆగిన వెంటనే రెండు మూడు సెకన్లు చప్పుడొస్తే అది మామూలే. ఆగకుండా వస్తుంటే మాత్రం చెక్ వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదని, ట్యాంక్‌లో గాలి వెనక్కి తన్ని సన్న గొట్టం దారిన పోతోందని అర్థం. మోటార్ తిరుగుతున్నప్పుడు కూడా అక్కడే లీకైతే అప్పుడు అన్‌లోడర్‌ని అనుమానించాలి. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే సగం రిపేరు అయిపోయినట్టే.

విప్పే ముందు ప్లగ్ తీసేసి, అడుగున ఉన్న డ్రెయిన్ తిప్పి గాలంతా వదిలేయండి, గేజ్ సున్నా చూపించినా డ్రెయిన్ తెరిచే ఉంచండి. ఆ లావుపాటి పైపు చల్లారేదాకా ఆగండి, అప్పటిదాకా తిరిగిన కంప్రెసర్‌లో అది చెయ్యి కాల్చేంత వేడిగా ఉంటుంది. రెండు స్పానర్లు కావాలి, ఒకదాంతో వాల్వ్ బాడీని పట్టుకుని రెండోదాంతో నట్టు తిప్పాలి, లేకపోతే పైపు మెలిపడుతుంది.

నా వాల్వ్ విప్పితే లోపల స్ప్రింగ్, దాని కింద చిన్న రబ్బరు బిళ్ళ కనిపించాయి. బిళ్ళ మీద సీటు (బిళ్ళ ఆనుకుని మూసుకునే చోటు) అంచు గుండ్రంగా గాడిలా దిగబడిపోయింది, ఆ గాడిలో గోరంత తుప్పు పెచ్చు ఇరుక్కుని ఉంది. గాలికి ఆ సందు చాలు! శుభ్రంగా తుడిచి బిళ్ళ తిరగేసి పెడితే కొన్నాళ్ళు పనిచేస్తుంది, కానీ అదే థ్రెడ్ సైజుది కొత్త వాల్వ్ వేసేయడమే మంచిదని నా అభిప్రాయం. టెఫ్లాన్ టేపు ట్యాంక్‌లోకి దిగే థ్రెడ్‌కి మాత్రమే చుట్టండి, చివరి మర వదిలేసి చుట్టండి, తెగిన ముక్క లోపలికి పోతే మళ్ళీ వాల్వ్‌లోనే ఇరుక్కుంటుంది. బిగించాక ట్యాంక్ నింపి జాయింట్లన్నిటికీ సబ్బునీళ్ళు రాస్తే మిగతా లీకులు బుడగలతో అవే బయటపడతాయి.

ట్యాంక్ ఖాళీగా ఉన్నా మోటార్ మూలుగుతూ తిరగకపోతే కథ వేరు. ముందు సన్నటి పొడుగు ఎక్స్‌టెన్షన్ వైరు తీసేసి నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టి చూడండి. అప్పటికీ తిరగకపోతే మోటార్ స్టార్ట్ అవ్వడానికి ఊపునిచ్చే కెపాసిటర్ మీద అనుమానం, ఉబ్బి ఉంటే ఇక చూడక్కర్లేదు, మార్చాల్సిందే. ప్లగ్ తీసేసినా అందులో చార్జ్ నిలిచే ఉంటుంది, రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేయకుండా ముట్టుకోవద్దు. ట్యాంక్ నిండటానికి మామూలు కంటే చాలాసేపు పడుతుంటే ఎయిర్ ఫిల్టర్ తీసి అక్కడ అరచెయ్యి పెట్టండి. లోపలికి లాగడంతో పాటు బయటికి కూడా ఊదుతుంటే హెడ్‌లో (పిస్టన్ పైన ఉండే మూతలో) రీడ్ వాల్వ్, అంటే గాలికి తెరుచుకుని మూసుకునే పల్చటి రేకు, సరిగ్గా మూసుకోవట్లేదన్నమాట.

ఇక ఆ తుప్పు పెచ్చు సంగతి. గాలిలో తేమ ట్యాంక్‌లో నీళ్ళుగా మారి అడుగున చేరుతుంది, అందుకే వాడిన ప్రతిసారీ చివర్లో డ్రెయిన్ తెరవాలి. వచ్చే నీళ్ళు ఎర్రగా ఉంటే లోపల తుప్పు మొదలైనట్టే. ట్యాంక్‌కి సూదిమొనంత చిల్లు పడినా వెల్డింగ్ పెట్టించొద్దు, ఎం-సీల్ అసలే వద్దు. చుట్టూ రేకు అప్పటికే పల్చబడి ఉంటుంది, ప్రెషర్‌కి ట్యాంక్ పేలిపోవచ్చు. మోటార్, హెడ్ విప్పి దాచుకుని ట్యాంక్‌ని తుక్కులో వేసేయండి.